పూడిక ఉమ్మడి, పైరు ఎవరిది వారిది: పోటీ కంపెనీలు కలిసి చేసే పరిశోధన

(తిరుపతిలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల ఇంజనీర్లు, ఇంజనీరింగ్ విద్యార్థులు కలిసిన సమావేశంలో ఒక విశ్రాంత ఇంజనీరు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లను మాత్రమే తీసివేశాం.)

సభకు నమస్కారం. ఇక్కడ కూర్చున్నవారిలో చాలామంది రోజూ తెల్లవారకముందే శ్రీసిటీ పారిశ్రామికవాడకు పోయే బస్సు ఎక్కేవారని నాకు తెలుసు. ఆదివారం నిద్ర మానుకొని వచ్చారు కాబట్టి మీ కాలాన్ని వృథా చేయకుండా నేరుగా విషయంలోకి వస్తాను. సత్యవేడు పక్కన ఆ గేటు దాటి లోపలికి వెళ్ళాక మీరెప్పుడైనా ఒక సంగతి గమనించారా? డైకిన్ ఏసీలు అక్కడే తయారవుతున్నాయి. బ్లూస్టార్ ఏసీలూ అక్కడే, హావెల్స్ వారి లాయిడ్ ఏసీలూ అక్కడే. ఎల్‌జీ వారు కూడా 2025లో అక్కడే శంకుస్థాపన చేశారు. ఎండాకాలం వస్తే తిరుపతి దుకాణాల్లో ఒకరి సరుకు పక్కకు నెట్టి ఇంకొకరి సరుకు ముందు పెట్టించుకునే ఈ కంపెనీలన్నీ ఒకే రోడ్డు మీద తిరుగుతున్నాయి, ఒకే పులికాట్ ఉప్పుగాలి పీలుస్తున్నాయి. రోడ్డును పంచుకున్నవారు, నీళ్ళను పంచుకున్నవారు పరిశోధనను కూడా పంచుకోవచ్చునా? పంచుకుంటే ఎంతవరకు? ఈ రోజు నేను మాట్లాడేది అంతా ఈ "ఎంతవరకు" అన్న మాట గురించే.

మాది పుంగనూరు వైపు పల్లె. నా చిన్నతనంలో వేసవిలో చెరువు ఎండినప్పుడు ఆయకట్టులో భూమి ఉన్న ప్రతి ఇంటి నుంచి ఒక మనిషి, ఒక పార, ఒక తట్ట పూడికతీతకు రావలసిందే. గట్టు తగాదా మీద చిత్తూరు కోర్టు చుట్టూ తిరుగుతున్న ఇద్దరు రైతులు, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే, ఒకే వరసలో నిలబడి తట్టలు అందించుకోవడం నేను కళ్ళారా చూశాను. వానలు పడి చెరువు నిండాక, పొలాలకు నీళ్ళు వదలడానికి చెరువుకట్టలో ఉండే తూము ఎత్తేవారు. తూము దాటిన నీళ్ళు, వాటిని పంచే నీరుగంటి చెప్పిన వంతు ప్రకారం ఎవరి మడికి వారివి. ఎవరు ఏ విత్తనం వేశారో, ఎంత ఎరువు చల్లారో పక్కవాడికి చెప్పనక్కరలేదు. పంట అమ్ముకునే దగ్గర మళ్ళీ పోటీయే. గమనించండి, ఆ ఇద్దరు రైతులకూ రాజీ కుదరలేదు. తూముకు పైన ఉన్నది ఉమ్మడి, కింద ఉన్నది సొంతం అని ఊరు ముందే తేల్చి పెట్టింది, అంతే. కంపెనీల విషయంలో కూడా నేను అడిగేది ఒకటే ప్రశ్న: తూము ఎక్కడ?

ఇది నాకు పుస్తకాలు చదివి తట్టిన ప్రశ్న కాదు. ఇరవై ఏళ్ళ కిందట ఈ జిల్లాలోనే ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. పేరు అనవసరం, ఇప్పుడు లేదు కూడా. మేము కరెంటు సరఫరా బోర్డులు తయారుచేసేవాళ్ళం. ఏడాది పొడవునా బాగా పనిచేసే బోర్డులు కార్తీక మాసం వానలు మొదలవగానే గుట్టలుగా వాపసు వచ్చేవి. ఎందుకో తెలియదు. మద్రాసులో ఒక ప్రయోగశాలకు పంపాం, డబ్బు కట్టాం, మళ్ళీ పంపాం, మళ్ళీ కట్టాం. ఎనిమిది నెలలు పట్టింది. చివరికి తేలింది ఏమిటంటే, సోల్డరింగ్ చేసినప్పుడు, అంటే భాగాలను టంకంతో అతికేటప్పుడు, వాడే ఫ్లక్స్ అనే రసాయనం బోర్డు మీద సన్నటి పొరగా మిగిలిపోతోంది. గాలిలో తేమ పెరిగినప్పుడు ఆ పొర చెమ్మగిల్లుతోంది. దానిలోంచి లోహం కదిలి, రెండు రాగి గీతల మధ్య వేళ్ళలాంటి పోగులు పెరిగి, ఒక రోజు రెండూ కలిసిపోతున్నాయి. ఫ్లక్స్ మార్చాం, కడిగే పద్ధతి మార్చాం, వాపసులు ఆగిపోయాయి.

ఆ మరుసటి ఏడు శ్రీకాళహస్తిలో ఒక పెళ్ళికి వెళ్ళాను. పంక్తిలో నా పక్క విస్తరి ముందు కూర్చున్నాయన మాకు పోటీ కంపెనీ ఇంజనీరు. సాంబారు వడ్డించేలోపు మాటల్లో మాట వచ్చింది. వారికీ అదే జబ్బు, అదే నెలల్లో. వారూ అదే మద్రాసు ప్రయోగశాలకు పంపారు. వారికి పట్టింది పది నెలలు. ఇద్దరం నవ్వుకున్నాం, కానీ నాకు ఆ పూట పాయసం రుచించలేదు. ఫ్లక్స్ పొర సంగతి మా కంపెనీ రహస్యమా? దాన్ని దాచుకుని మేము ఒక్క బోర్డు ఎక్కువ అమ్మామా? లేదు. కొనేవాడు మా ఇద్దరి బోర్డులనూ తిట్టుకుని మూడోవాడి దగ్గరికి వెళ్ళాడు.

ఇక ప్రపంచంలో ఈ పని పెద్ద ఎత్తున చేసినవారి సంగతి చూద్దాం. 1976లో జపాన్ ప్రభుత్వం, అమెరికా కంపెనీ ఐబీఎం తీసుకురాబోయే కొత్త కంప్యూటర్లను తలచుకొని కంగారుపడి, అయిదు కంపెనీలను ఒక చోటికి చేర్చింది: ఫుజిత్సు, హిటాచీ, మిత్సుబిషి ఎలక్ట్రిక్, ఎన్ఈసీ, తోషిబా. అయిదూ ఒకరితో ఒకరు పోటీపడే కంపెనీలే. ఒక్క చిప్పులోనే ఎన్నో సూక్ష్మ భాగాలను ఇమిడ్చే తయారీకి కావలసిన విద్యను నాలుగేళ్ళలో సంపాదించాలన్నది ఆ పథకం. కవాసాకిలో ఒక ఉమ్మడి ప్రయోగశాల పెట్టి, అయిదు కంపెనీల నుంచి, ప్రభుత్వ ప్రయోగశాల నుంచి సుమారు వంద మందిని తెచ్చి కూర్చోబెట్టారు. ఆ ప్రయోగశాలకు అధిపతిగా యసువో తరుయి అనే శాస్త్రవేత్తను నియమించారు. ఆయన ఎవరు? అయిదు కంపెనీల్లో ఏ ఒక్కదాని మనిషీ కాదు, ప్రభుత్వ ప్రయోగశాల నుంచి వచ్చినవారు. మన ఊళ్ళో నీరుగంటికి ఆయకట్టులో సొంత మడి ఉంటే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు కదా.

ఆ ప్రయోగశాల ఏం చేసిందన్నది ఇంకా ముఖ్యం. ఏ కంపెనీ చిప్పునూ అక్కడ గీయలేదు. సిలికాన్ స్ఫటికంలో లోపాలు ఎలా తగ్గించాలి, ఎలక్ట్రాన్ పుంజంతో సన్నని గీతలు ఎలా చెక్కాలి, ఆ చెక్కే యంత్రాలు ఎలా ఉండాలి, ఇవీ అక్కడి పనులు. యంత్రాల కోసం నికాన్, కానన్ లాంటి కెమెరా కంపెనీలను కూడా కలుపుకున్నారు. ఇంకొక మాట: పథకానికి పెట్టిన డబ్బులో పెద్ద వాటా ఈ ఉమ్మడి ప్రయోగశాలకు రాలేదు, ఆయా కంపెనీల సొంత ప్రయోగశాలలకే వెళ్ళింది. జపాన్ వాళ్ళంటే కలిసిమెలిసి పనిచేసేవాళ్ళు, మనకు అది చేతకాదు అని కాఫీ హోటళ్ళలో అనుకుంటూ ఉంటాం. వాళ్ళు కలిసింది చాలా కొద్ది మేరకే. కలిసిన ఆ కొద్ది మేరను మాత్రం బాగా ఆలోచించి ఎంచుకున్నారు.

దాని ఫలితం అమెరికాకు తగిలింది. 1985లో ఇంటెల్ తాను పుట్టి పెరిగిన జ్ఞాపకశక్తి చిప్పుల వ్యాపారం, డీరామ్ వ్యాపారం, వదిలేసుకుంది. జపాన్ ధరలకు తట్టుకోలేకపోయింది. అప్పుడు అమెరికా ఏం చేసింది? 1987లో పద్నాలుగు కంపెనీలు కలిసి సెమాటెక్ అనే సంస్థను పెట్టుకున్నాయి. ఇంటెల్, ఐబీఎం, మోటరోలా, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్, ఏఎండీ అన్నీ అందులో ఉన్నాయి. అప్పటికే ఇంటెల్, ఏఎండీల మధ్య కోర్టు వ్యవహారాలు నడుస్తున్నాయి. నేను చెప్పిన గట్టు తగాదా రైతులు గుర్తున్నారు కదా. ప్రభుత్వం ఏడాదికి 10 కోట్ల డాలర్ల చొప్పున అయిదేళ్ళు ఇస్తానంది, కంపెనీలు అంతకంత వేసుకోవాలి. ఆస్టిన్ నగరంలో కేంద్రం. ఇంటెల్ స్థాపకుల్లో ఒకరు, ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్‌ను, అంటే చిప్పును, కనిపెట్టినవారిలో ఒకరు అయిన రాబర్ట్ నాయిస్ 1988లో దానికి అధిపతిగా వెళ్ళారు. 1990లో పదవిలో ఉండగానే మరణించారు.

అయితే మొదట్లో సెమాటెక్ తూమును తప్పు చోట పెట్టింది. ఈ మాట కాస్త నిదానంగా వినండి. చిప్పు తయారుచేసే పద్ధతినే కలిసి కనిపెడదాం అని మొదలుపెట్టారు. కాగితం మీద బాగుంది. కానీ చిప్పుల కంపెనీకి తయారీ పద్ధతే ప్రాణం. ఏ ఉష్ణోగ్రత దగ్గర, ఎంతసేపు, ఏ వాయువుతో అన్నది మనకు వంటింటి చిట్కాలాగా కనిపిస్తుంది కానీ, వందకు ఎన్ని చిప్పులు పనికొస్తాయన్నది దాని మీదే ఆధారపడుతుంది. దాన్ని పక్కవాడి ముందు ఎవరు విప్పుతారు? ఎవరూ విప్పలేదు. సమావేశాలకు వచ్చారు, మర్యాదగా మాట్లాడారు, అసలు సంగతి జేబులోనే పెట్టుకుని వెళ్ళారు. అది అర్థమయ్యాక సంస్థ దారి మార్చింది. తయారీ పద్ధతి ఎవరిది వారికి వదిలేసి, అందరూ కొనే యంత్రాల మీద, ఆ యంత్రాలు తయారుచేసే చిన్న కంపెనీల మీద దృష్టి పెట్టింది. యంత్రం ఎంతసేపు ఆగకుండా నడవాలి, దాని పనితనాన్ని ఏ కొలతతో కొలవాలి, యంత్రం తయారుచేసేవాడికి పద్నాలుగు మంది పద్నాలుగు రకాల కోరికలు చెప్పకుండా ఒక్క మాట ఎలా చెప్పాలి, ఇక్కడ అందరి ప్రయోజనం ఒకటయింది. 1996 నాటికి ప్రభుత్వ డబ్బు అవసరం లేకుండా నడవగలిగింది.

ఆ బాటలోనే వచ్చింది ఈనాటి పెద్ద కథ. నేటి చిప్పుల మీద అతి సన్నని గీతలను చెక్కే కాంతి తరంగం పొడవు 13.5 నానోమీటర్లు. ఆ కాంతితో పనిచేసే యంత్రం కోసం 1997లో ఇంటెల్ ముందుండి, ఏఎండీ, మోటరోలాలతో కలిసి, అమెరికా ప్రభుత్వ ప్రయోగశాలలకు డబ్బు కట్టి పరిశోధన చేయించింది. యంత్రం చివరికి నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్ అనే యంత్రాల కంపెనీ చేతిలో రూపుకట్టింది. 2012లో ఆ ఏఎస్ఎంఎల్‌లో ఇంటెల్ 15 శాతం, తైవాన్ చిప్పుల కంపెనీ టీఎస్ఎంసీ 5 శాతం, శామ్‌సంగ్ 3 శాతం వాటాలు కొని, పరిశోధనకు వేరేగా డబ్బు ఇచ్చాయి. ముగ్గురూ బద్ధశత్రువులు. ముగ్గురికీ కావలసింది ఒకే యంత్రం. ఆ ఫలితం డబ్బు పెట్టని కంపెనీలకు కూడా అమ్మవచ్చునన్న షరతు మీదే ఒప్పుకున్నారు.

అన్నీ శుభంగానే జరిగాయని చెబితే నేను మీకు అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. సెమాటెక్ చందా అమ్మకాల్లో 1 శాతం. అయితే కనీసం 10 లక్షల డాలర్లు కట్టాలి, 1.5 కోట్ల డాలర్లకు మించి కట్టనక్కరలేదు. ఈ లెక్కలో కిటుకు చూశారా? పెద్దవాడికి పైన కప్పు ఉంది, చిన్నవాడికి కింద గొయ్యి ఉంది. చిన్న కంపెనీలు బయట నిలబడి, ఇది పెద్దల క్లబ్బు అని గట్టిగానే విమర్శించాయి. ఎజెండా తమకు నచ్చక ఎల్ఎస్ఐ లాజిక్, మైక్రాన్ 1992లో బయటికి వెళ్ళిపోయాయి. డగ్లస్ ఇర్విన్, పీటర్ క్లెనో అనే ఆర్థికవేత్తలు 1996లో లెక్కలు తీసి, సెమాటెక్ సభ్య కంపెనీలు తమ మొత్తం పరిశోధన ఖర్చును తగ్గించుకున్నాయని తేల్చారు. ఇది మంచా, చెడా? ఒకే పని పద్నాలుగు చోట్ల చేయడం మానేశారు కాబట్టి ఖర్చు తగ్గిందంటే మంచిదే. మా ఊరి బోర్డుల కథలో కూడా సగం డబ్బు మిగిలేది. కానీ ఉమ్మడి ప్రయోగశాల ఉంది కదా అని సొంత ప్రయోగశాల తలుపు మూసేవాడికి మాత్రం నష్టమే. సొంతంగా ఏమీ చేయనివాడికి ఉమ్మడిలో దొరికినదాన్ని అర్థం చేసుకునే శక్తి కూడా ఉండదు. కోహెన్, లెవింతాల్ అనే ఇద్దరు పరిశోధకులు 1990లో ఈ సంగతినే వివరంగా రాశారు. తూము ఎంత పెద్దదైనా, మడి దున్ని పెట్టుకోనివాడికి నీళ్ళు వచ్చి ఏం లాభం?

ఎవరిని పంపుతారన్నది మరొక చిక్కు. పూడికతీతకు కొందరు మోతుబరులు ఇంట్లో ఏ పనికీ రానివాణ్ణి పంపేవారు. ఆ రోజు వాడి తట్ట సగమే నిండేది. సెమాటెక్ కంటే ముందు, 1980ల మొదట్లో, అదే ఆస్టిన్‌లో ఎంసీసీ అని ఇంకొక ఉమ్మడి సంస్థ వెలిసింది. కంపెనీలు పంపిన మనుషుల్లో చాలామందిని దాని అధిపతి బాబీ ఇన్మన్ వద్దని, బయటి నుంచి సొంతంగా మంచివారిని నియమించుకున్నారు. పరిశోధన బాగానే జరిగింది. కానీ చేసినవారికి ఏ కంపెనీలోనూ పుట్టిల్లు లేదు; వారు కనిపెట్టింది ఆ కంపెనీల లోపలికి వెళ్ళడానికి దారి దొరకలేదు. మనిషి తిరిగి వస్తేనే విద్య తిరిగి వస్తుంది. అందుకే సెమాటెక్ కొన్నేళ్ళకు పంపి, మళ్ళీ వెనక్కి పిలిపించుకునే ఇంజనీర్ల మీద ఆధారపడింది.

చిప్పులు మనకు దూరం అనిపిస్తే ఏసీల దగ్గరికి రండి. ఏసీలో తిరిగే వాయువు కథ ఇది. 1987లో ఓజోన్ పొర కోసం మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. పాత వాయువులు పోవాలి, కొత్తవి రావాలి. కొత్త వాయువు మనిషికి హాని చేస్తుందా లేదా అని తేల్చే పరీక్షలు జంతువుల మీద ఏళ్ళ తరబడి సాగుతాయి. డ్యూపాంట్, ఐసీఐ మొదలైన పోటీ రసాయన కంపెనీలు ఆ విషపరీక్షలను కలిసి చేయించాయి. వాయువును ఎలా తయారుచేయాలన్నది ఎవరి గుట్టు వారిదే. అది విషమా కాదా అన్నది అందరిదీ. ఇంతకంటే చక్కగా తూము పెట్టినవారిని నేను చూడలేదు.

ఇప్పుడు మన శ్రీసిటీకి వద్దాం. ఆర్-410ఏ, ఆర్-32 అనేవి ఏసీల్లో తిరిగే రెండు వాయువులు. భూమిని వేడెక్కించే శక్తిలో కార్బన్ డయాక్సైడ్‌ను 1 అనుకుంటే ఆర్-410ఏ విలువ 2,088. ఆర్-32 విలువ 675. ఆర్-32తో ఏసీలు చేసే పేటెంట్లు డైకిన్ చేతిలో ఉన్నాయి. 2011లో డైకిన్ 93 ప్రాథమిక పేటెంట్లను మనలాంటి దేశాల కంపెనీలకు ఉచితంగా వాడుకోనిచ్చింది. 2015లో ప్రపంచమంతటికీ ఇచ్చింది. దానం అనుకుంటున్నారా? అందరూ అదే వాయువుకు మారితే విడిభాగాల ధర దిగుతుంది, బాగుచేసే మెకానిక్ ఒకే పద్ధతి నేర్చుకుంటాడు, ప్రభుత్వాల నిబంధనలు దానికి తగ్గట్టు వస్తాయి. డైకిన్‌కు అందులో లాభం ఉంది. పక్క గోడ అవతలి కంపెనీకీ ఉంది. ఆర్-32కి కొద్దిగా అంటుకునే గుణం ఉంది కాబట్టి, తిరుపతి వీధుల్లో నిచ్చెన వేసుకుని ఎక్కే కుర్రవాడికి దాన్ని జాగ్రత్తగా నింపడం నేర్పే పని కూడా ఉమ్మడిదే కావాలి. ఆ పని ఇంకా సరిగా జరగలేదని నా అభిప్రాయం.

సభ మొదలవకముందు ఒక విద్యార్థి కృత్రిమ మేధ కంపెనీల సంగతి అడిగాడు. అక్కడా ఇదే ప్రశ్న. కృత్రిమ మేధ నమూనాలను తయారుచేయడానికి వాడే పైటార్చ్ అనే సాఫ్ట్‌వేర్ పనిముట్టు ఫేస్‌బుక్‌లో పుట్టింది. దాన్ని 2022లో, ఏ ఒక్క కంపెనీదీ కాని లినక్స్ ఫౌండేషన్‌కు అప్పగించారు. పోటీ కంపెనీలన్నీ దానికి చేయి వేస్తున్నాయి. ఎందుకంటే అది పార, తట్ట లాంటిది. పెద్ద నమూనాలను ఏ సమాచారంతో ఎలా తయారుచేశారన్నది మాత్రం ఏటేటా మరింత లోపలికి పోతోంది. తూము అక్కడ రోజురోజుకూ పైకి జరుగుతోంది. ఇంతకుమించి దాని గురించి ఈ రోజు మాట్లాడను.

కలిసి పనిచేయడం కలిసి మోసం చేయడంగా ఎప్పుడు మారుతుంది? ఇది మీరు తప్పక తెలుసుకోవాలి, ఎందుకంటే జైలుకు దారి కూడా మంచి ఉద్దేశాల పక్క నుంచే పోతుంది. జర్మనీ కార్ల కంపెనీలు డీజిల్ పొగను శుద్ధిచేసే విధానం మీద సాంకేతిక సమావేశాలు జరుపుకునేవి. ఆ విధానంలో వాడేది యూరియా ద్రావణం. అవును, మనం పొలానికి చల్లే యూరియాయే. సమావేశాల వరకు తప్పు లేదు. కానీ ఆ ద్రావణం తొట్టి ఎంత ఉండాలి, చట్టం అడిగినదానికంటే ఎక్కువ శుద్ధిచేసే శక్తి ఉన్నా దాన్ని వాడకుండా ఎక్కడ ఆగుదాం అన్నది కూడా వారు అక్కడే కూడబలుక్కున్నారు. 2021 జూలైలో ఐరోపా కమిషన్ ఫోక్స్‌వ్యాగన్, బీఎండబ్ల్యూలకు కలిపి 87.5 కోట్ల యూరోల జరిమానా వేసింది. సంగతి ముందుగా బయటపెట్టిన డైమ్లర్‌కు మినహాయింపు దొరికింది. ధరల మాట ఎక్కడా లేదు, చూడండి. విద్య ఉండి కూడా దాన్ని వాడవద్దని ఒప్పుకోవడమే నేరమయింది. మన 2002 నాటి పోటీ చట్టంలో కూడా, పోటీదారులు కలిసి సాంకేతిక అభివృద్ధిని అదుపు చేసే ఒప్పందాలు హానికరమైనవేనని 3వ సెక్షన్ భావిస్తుంది. సామర్థ్యాన్ని పెంచే ఉమ్మడి సంస్థలకు మాత్రం వెసులుబాటు ఇస్తుంది. కాబట్టి కూర్చున్నప్పుడు ఒక వకీలును పక్కన కూర్చోబెట్టుకోండి. ధర, కొనుగోలుదారు, వచ్చే ఏడాది మోడల్, ఈ మూడు మాటల్లో ఏ ఒక్కటి ఎవరి నోట వచ్చినా లేచి వెళ్ళిపోండి. లేచి వెళ్ళినట్టు కాగితం మీద రాయించండి కూడా.

మరి మన దగ్గర తూముకు పైన ఏముంది? నాకు తెలిసి అందరికీ ఉమ్మడి సమస్యలు మూడున్నాయి. తేమ, ఉప్పుగాలి, కరెంటు ఎగుడుదిగుళ్ళు. రేణిగుంట దగ్గర ఫోన్లు, టీవీల పరికరాలు తయారుచేసేవారికీ, శ్రీసిటీలో ఏసీలు తయారుచేసేవారికీ, కరకంబాడి బ్యాటరీలవారికీ ఈ మూడూ శత్రువులే. 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో వారాల తరబడి భాగాలను ఉంచే పెట్టె, ఉప్పునీటి తుంపర కొట్టే పెట్టె, ఒక్కొక్క చిన్న కంపెనీ కొనుక్కుని ఖాళీగా ఉంచుకునే వస్తువులు కావు. ఒక చోట పెట్టుకోవచ్చు. ఎక్కడ? ఎవరి ప్రాంగణంలోనూ వద్దు. రేణిగుంట నుంచి కాళహస్తి పోయే దారిలో ఏర్పేడులో ఐఐటీ ఉంది. అలాంటి చోటు అయితే తరుయిగారి పాత్ర పోషించేవారు దొరుకుతారు. ప్రభుత్వ శాఖలే కలవవు, కంపెనీలు కలుస్తాయా అని వెనక ఎవరో అంటున్నారు. గాదంకి వెళ్ళి చూడండి అయ్యా. 1,024 యాంటెనాలతో అక్కడ నిలబడిన వాతావరణ రాడారు పలు శాఖలు కలిసి డబ్బు వేసుకుంటేనే వచ్చింది.

చందా విషయంలో సెమాటెక్ చేసిన తప్పు మనం చేయవద్దు. కనీస చందా పెట్టకండి. డబ్బు లేనివారు మనిషిని పంపవచ్చు, పాడైన సరుకు పంపవచ్చు. నిజానికి పాడైన సరుకే అన్నిటికంటే విలువైన చందా. పేర్లు తీసేసి ఒక ఉమ్మడి దస్తరం రాసుకుంటే, నాకు ఎనిమిది నెలలు, ఆ పెళ్ళిలో కలిసినాయనకు పది నెలలు పట్టిన పని మీకు ఒక మధ్యాహ్నంలో తెమిలేది.

బయట బల్ల మీద కాగితాలు పెట్టించాను. వాటిలో కంపెనీ పేరుకు చోటు లేదు, మీ పేరుకూ లేదు. ఏ భాగం పోయింది, ఏ నెలలో పోయింది, పోయినప్పుడు ఎలా కనిపించింది, మూడే గళ్ళు. కారణం మీకు తెలిసి ఉంటే వెనక పక్క రాయండి. తెలియకపోతే అలాగే వదిలేయండి, పక్కన నిలబడి రాస్తున్నాయనకు తెలిసి ఉండవచ్చు. భోజనాలకు వెళ్ళేముందు రాసి పెడితే, సాయంత్రం నేనూ, ఇద్దరు విద్యార్థులూ కూర్చుని నెలల వారీగా వేరు చేస్తాం.